పాత వెర్షన్లకు గడువు ఎవరు పెట్టాలి?

ఖతర్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో 2010లో దోహాలో ఏర్పడి, ఇప్పుడు హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్న ఖతర్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వెలువడిన సాఫ్ట్‌వేర్లలో ‘రీమ్’ ఒకటి. ఒక పెద్ద సంస్థ సమాచారం కొంత డేటాబేస్‌లోను, కొంత విడి ఫైళ్లలోను, కొంత అనేక కంప్యూటర్లపై పరచుకున్న నిల్వల్లోను ఉన్నప్పుడు, ఏ లెక్కను ఏ యంత్రాంగంతో చేయిస్తే త్వరగా తేలుతుందో తానే అంచనా వేసి, పనిని పంచి, ఫలితాన్ని ఒకచోటికి చేర్చటం దాని పని. జర్మనీలోని హాసో ప్లాట్నర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుల సహకారంతో రూపొంది, డేటాబేస్ శాస్త్ర సదస్సుల్లో వెలువడిన పరిశోధన పత్రాల ద్వారా పేరుపొందిన ఈ సాఫ్ట్‌వేర్, 2020 డిసెంబరులో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పోషణలోకి వెళ్లి ‘అపాచీ వయాంగ్’ అయింది. పేరుతోపాటు మరొకటి కూడా మారింది. రీమ్‌ను నడపటానికి జావా 8 చాలునని, దాని నిర్మాణంలో స్కాలా 2.11 వాడినట్టు తొలినాటి సూచనలు చెప్పగా, వయాంగ్ సూచనల్లో కాలక్రమంలో ఆ స్థానాల్లోకి జావా 11, స్కాలా 2.12 వచ్చాయి.

పైకి రెండు అంకెల సవరణగా కనిపించే ఈ మార్పుతో, జావా 8 మాత్రమే ఉన్న కంప్యూటర్లకు ఆ సాఫ్ట్‌వేర్ కొత్త రూపాలు అందకుండా పోయాయి. ప్రపంచంలోని ప్రతి సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఏదో ఒకనాడు ఎదుర్కొనే నిర్ణయమిది. తాను రాయబడిన ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పాత వెర్షన్లను ఎంతకాలం మోయాలి, ఎప్పుడు వదలాలి, వదిలేముందు ఎవరికి ఏం చెప్పాలి అన్న ప్రశ్నలకు చాలాకాలం పాటు నిర్వాహకుల ఓపికే ప్రమాణంగా ఉండేది. గత పదిహేనేళ్ల అనుభవం మాత్రం ఆ నిర్ణయాన్ని వ్యక్తుల ఓపిక నుంచి తప్పించి, అందరికీ ముందే తెలిసిన తేదీల చేతిలో పెట్టటమే మేలని నేర్పింది.

భాష, వెర్షన్, లైబ్రరీ

కంప్యూటర్ చేత పని చేయించటానికి రాసే ఆదేశాల సముదాయం ప్రోగ్రామ్ కాగా, ఆ ఆదేశాలు రాయటానికి వాడే వ్యాకరణబద్ధమైన సాధనం ప్రోగ్రామింగ్ భాష. జావా, పైథాన్, స్కాలా వంటి భాషలు స్థిరంగా ఉండవు. వాటిని అభివృద్ధి చేసే బృందాలు కొత్త సౌకర్యాలు చేర్చి, పాత లోపాలు సరిదిద్ది, కొన్నేళ్లకోసారి లేదా కొన్ని నెలలకోసారి ఒక్కో అంకెతో విడుదల చేసే రూపమే వెర్షన్. తేదీలను లెక్కించటం, చిత్రాలను చదవటం, పట్టికలను కూడటం వంటి తరచుగా అవసరమయ్యే పనులను ఒకరు ఒకసారి రాసిపెడితే మిగిలినవారందరూ తమ ప్రోగ్రాములలో కలుపుకొని వాడుకోగల సిద్ధ భాగం లైబ్రరీ. బ్యాంకు యాప్ అయినా, ఆసుపత్రి రికార్డుల వ్యవస్థ అయినా, పైకి కనిపించే భాగం కింద వందలాది లైబ్రరీలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఈ ఆధారపడటాన్నే సాఫ్ట్‌వేర్ రంగంలో డిపెండెన్సీ అంటారు.

ఒక లైబ్రరీ ఫలానా భాషా వెర్షన్‌కు సపోర్ట్ ఇస్తుందంటే దాని నిర్వాహకులు మూడు బాధ్యతలు తలకెత్తుకున్నట్టు. ఆ వెర్షన్ మీద లైబ్రరీని ప్రతి మార్పు తరువాత పరీక్షించాలి, అక్కడ మాత్రమే తలెత్తే బగ్‌లను కూడా సరిచేయాలి, ఆ వెర్షన్‌కు తెలియని కొత్త సౌకర్యమేదీ తమ రాతలో వాడకుండా నిగ్రహించుకోవాలి. ఈ మూడో బాధ్యత బయటివారికి కనిపించదు గాని అన్నిటికన్నా బరువైనది అదే. భాషలో ఒక పనికి శుభ్రమైన కొత్త పద్ధతి వచ్చి ఐదేళ్లయినా, పాత వెర్షన్ వాడేవారి కోసం లైబ్రరీ రచయితలు పాత చుట్టుదారిలోనే రాయవలసి వస్తుంది.

పరీక్షల భారం కూడా కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. ఒక లైబ్రరీ నాలుగు భాషా వెర్షన్ల మీద, విండోస్, లినక్స్, మ్యాక్ అనే మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద, తాను ఆధారపడిన మరో లైబ్రరీకి చెందిన రెండు వెర్షన్ల మీద పనిచేయాలంటే 24 జతలను పరీక్షించాలి. మరొక్క పాత భాషా వెర్షన్‌ను ఉంచుకుంటే ఆ సంఖ్య 30కి చేరుతుంది. ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, అంటే మూల రచనను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచే లైబ్రరీలు, చాలావరకు కొద్దిమంది స్వచ్ఛంద శ్రమ మీద నడుస్తాయి కనుక, పాత వెర్షన్ మీద వెచ్చించిన ప్రతి గంటా కొత్త లోపాన్ని సరిదిద్దటానికి దక్కని గంటే అవుతుంది.

దోహా సాఫ్ట్‌వేర్ చెప్పే పాఠం

రీమ్ చరిత్రలో మొదట గమనించవలసిన విషయం, అది తన కనీస వెర్షన్‌ను పూర్తిగా తన ఇష్టప్రకారం ఎంచుకోలేదన్నది. 2014 మార్చిలో వచ్చిన జావా 8, వరుసగా వచ్చే సమాచారాన్ని వడకట్టి, మార్చి, కూడే ‘స్ట్రీమ్స్’ అనే సౌకర్యాన్ని భాషలోకి తెచ్చింది. రీమ్ పనిని అప్పగించే యంత్రాంగాలలో అపాచీ స్పార్క్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వంటివాటితోపాటు ఈ జావా స్ట్రీమ్స్ కూడా ఒకటి. చిన్న లెక్కలను అనేక యంత్రాలకు పంచటం వృథా కనుక వాటిని ఒకే కంప్యూటర్‌లో స్ట్రీమ్స్ చేతనే చేయించేవారు. అందువల్ల 2011లో వచ్చిన జావా 7ను వదలాలా వద్దా అన్న చర్చకు రీమ్ విషయంలో అవకాశమే లేకపోయింది. జావా 8 ఆ సాఫ్ట్‌వేర్‌కు పుట్టుకతో వచ్చిన కనీస అవసరం.

తరువాతి మెట్టు ఎక్కటంలో కింది పొరల ప్రభావం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జావా మీద ఆధారపడి పనిచేసే స్కాలా భాషలో 2.11తో తయారైన లైబ్రరీని 2.12తో తయారైన ప్రోగ్రామ్‌లో నేరుగా కలపటానికి వీలుండదు కనుక, ఒకదానిపై ఒకటి ఆధారపడిన లైబ్రరీలన్నీ దాదాపు కలిసికట్టుగా మారవలసి వస్తుంది. పెద్ద ఎత్తున సమాచారాన్ని విశ్లేషించే యంత్రాంగాలలో ప్రసిద్ధమైన స్పార్క్, 2020 జూన్‌లో వచ్చిన తన 3.0 వెర్షన్‌లో స్కాలా 2.11ను వదిలిపెట్టి, జావా 11 మీద పనిచేయటం మొదలుపెట్టింది. స్పార్క్‌కు పని అప్పగించే సాఫ్ట్‌వేర్ ఏదైనా కొత్త స్పార్క్‌ను అందుకోవాలంటే స్కాలా 2.11 దగ్గర ఆగిపోలేదు. వయాంగ్ స్కాలా 2.12కు, జావా 11కు చేరటాన్ని ఈ నేపథ్యంలో చూస్తే, వెర్షన్ నిర్ణయం ఏ ఒక్క బృందం గదిలోనూ పూర్తిగా జరగదని తెలుస్తుంది. ఆ ఒత్తిడి అక్కడితో తీరలేదు కూడా. 2025 మేలో వచ్చిన స్పార్క్ 4.0 జావా 8, 11 రెంటినీ, స్కాలా 2.12ను వదిలి, కనీసం జావా 17, స్కాలా 2.13 కావాలన్నది.

మధ్యలో ఉన్న లైబ్రరీకి కింది నుంచి ఇలా తోపుడు ఉంటే, పైనుంచి లాగుడు ఉంటుంది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో నిన్న కొన్న సర్వర్‌లో కొత్త జావా ఉంటుంది గాని, ఒక చమురు సంస్థలోనో బ్యాంకులోనో ఏళ్లుగా ఆగకుండా నడుస్తున్న వ్యవస్థలో జావా 8 ఉండవచ్చు. పరిశోధన సంస్థలో పుట్టిన సాఫ్ట్‌వేర్ పరిశోధకుల చేతుల్లోనే ఉన్నంతకాలం కనీస వెర్షన్‌ను పెంచటం సులభం. అది అపాచీ వంటి సామూహిక సంస్థలోకి వెళ్లిన తరువాత, ఎవరెవరు ఎక్కడెక్కడ వాడుతున్నారో నిర్వాహకులకే పూర్తిగా తెలియని స్థితి వస్తుంది కనుక, అప్పటి నుంచి ప్రతి పెంపునూ కారణంతో, ముందస్తు ప్రకటనతో చేయటం అవసరమవుతుంది.

ఖతర్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోనే తయారై 2016లో వెలువడిన ‘ఫరాసా’ మరో కోణాన్ని చూపుతుంది. అరబీ పదానికి ముందూ వెనుకా అతుక్కునే ప్రత్యయాలను మూలపదం నుంచి వేరుచేసే ఈ సాధనం జావాలో రాయబడింది. భాషా పరిశోధకులు ఎక్కువగా పైథాన్ వాడతారు కనుక, ఫరాసాను పైథాన్ నుంచి పిలవటానికి ఇతరులు ఒక తొడుగు లైబ్రరీని తయారుచేశారు. ఆ తొడుగు తన లోపల జావా ప్రోగ్రామ్‌నే నడిపిస్తుంది. ఫలితంగా అరబీ వాక్యాన్ని విశ్లేషించదలచిన విద్యార్థి ఒకే పనికోసం పైథాన్ వెర్షన్‌ను ఒకవైపు, జావా వెర్షన్‌ను మరొకవైపు సరిచూసుకోవాలి.

పైథాన్ 2 నుంచి పైథాన్ 3కు

పాత వెర్షన్లను వదలటంలో సాఫ్ట్‌వేర్ ప్రపంచం పొందిన అతిపెద్ద శిక్షణ పైథాన్ విషయంలో జరిగింది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 అంతకుముందరి పైథాన్ 2తో పొసగకుండా కావాలనే కొన్ని మార్పులు చేసింది. పైథాన్ 2లో 7ను 2తో భాగించమంటే 3 వచ్చేది, పైథాన్ 3లో మూడున్నర వస్తుంది. ఇటువంటి మార్పు ప్రోగ్రామ్‌ను ఆపదు గాని జవాబును మార్చివేస్తుంది కనుక, ఒకే లైబ్రరీ రెంటి మీదా ఒకే ఫలితం ఇచ్చేలా రాయటం నిర్వాహకులకు ఏళ్ల తరబడి కత్తిమీద సాములా ఉండేది.

ఇంగ్లీషు కాని లిపుల్లో రాసేవారికి ఈ మార్పు ప్రత్యేకంగా ముఖ్యమైనది. పైథాన్ 2 మామూలు అక్షరమాలికను బైట్ల వరుసగా, అంటే కంప్యూటర్ నిల్వను కొలిచే చిన్న ముక్కల వరుసగా చూసేది. అక్షరాలను బైట్లుగా నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అరబీ అక్షరానికి రెండు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాట పొడవు ఎంతని అడిగితే, మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలని పైథాన్ 3 చెబుతుంది. అదే ప్రశ్నకు పైథాన్ 2 మామూలు మాలిక 18 అని జవాబిచ్చేది. అరబీలో మూడు అక్షరాలతో రాసే ఖతర్ పేరుకు ఆరు అనేది. మాటను మధ్యలో తుంచితే అక్షరమే విరిగిపోయే ఈ స్థితి నుంచి యూనికోడ్‌ను, అంటే ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంఖ్యా పట్టికను, ఆధారం చేసుకున్న పైథాన్ 3 విముక్తి కలిగించింది. దోహాలో అరబీ వాక్యాలను, హైదరాబాదులో తెలుగు వాక్యాలను విశ్లేషించే లైబ్రరీలకు పైథాన్ 2ను వదలటం అలంకారప్రాయమైన మార్పు కాదు.

అయినా వదలటం సులభం కాలేదు. పైథాన్ 2.7కు 2015తో సేవలు ముగించాలని మొదట అనుకున్నా, వాడేవారి సంఖ్య చూసి 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. దాన్ని ఇక పొడిగించబోరని స్పష్టమైన తరువాత, లైబ్రరీల నిర్వాహకులు విడివిడిగా నిందలు మోయటం కంటే కలిసి నిర్ణయం తీసుకోవటం మేలని భావించి, 2020 లోపు పైథాన్ 2ను వదులుతామని ఉమ్మడి ప్రకటన చేశారు. పరిశోధకులు వాడే ఐపైథాన్ 2017 ఏప్రిల్‌లో తన 6.0 వెర్షన్‌తోనూ, వెబ్‌సైట్ల నిర్మాణానికి వాడే జాంగో 2017 డిసెంబరులో 2.0తోనూ పైథాన్ 3 మీద మాత్రమే పనిచేస్తామన్నాయి. సంఖ్యాగణితానికి మూలాధారమైన నమ్‌పై 2019 జనవరిలో వచ్చిన 1.16ను పైథాన్ 2.7కు చివరి వెర్షన్‌గా ప్రకటించి, ఆ ఏడాది చివరివరకు దాని బగ్‌లను మాత్రం సరిచేస్తూ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో 2.7.18తో పైథాన్ 2 కథ ముగిసింది.

ఈ ఉదాహరణలన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది, వదలటం అంటే తీసిపారేయటం కాదన్న గ్రహింపు. లైబ్రరీ పాత విడుదలలు భాండాగారంలో అలాగే ఉంటాయి, పాత కంప్యూటర్‌లో నిన్న నడిచిన ప్రోగ్రామ్ నేడూ నడుస్తుంది. ఆగేది కొత్త విడుదలల రాక మాత్రమే. అందుకే ఐపైథాన్ 5, జాంగో 1.11 వంటివాటిని దీర్ఘకాల సపోర్ట్ ఉన్న చివరి మెట్టుగా నిలిపి, మారలేనివారికి మరికొంత వ్యవధి ఇచ్చారు.

ఓపిక స్థానంలో క్యాలెండర్

పైథాన్ 2 అనుభవం తరువాత మొదలైన పెద్ద మార్పు, వదిలే సమయాన్ని ముందుగానే సూత్రంగా రాసిపెట్టటం. నమ్‌పై బృందం 2019లో రూపొందించిన ఎన్‌ఈపీ 29 అనే పత్రం ప్రకారం, లైబ్రరీ కొత్త విడుదల ఆ ముందటి 42 నెలల్లో వచ్చిన పైథాన్ వెర్షన్లకు, తక్కువలో తక్కువ చివరి రెంటికి, సపోర్ట్ ఇస్తే చాలు. సైంటిఫిక్ పైథాన్ సమాజం తరువాత రూపొందించిన స్పెక్ 0 దీన్ని ఇంకా సరళం చేసి, పైథాన్ వెర్షన్‌ను అది వచ్చిన మూడేళ్లకు, ముఖ్యమైన ఆధార లైబ్రరీల వెర్షన్లను రెండేళ్లకు వదలవచ్చునన్నది. పైథాన్ భాష కూడా 3.9 నుంచి ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ తెస్తూ, ఒక్కోదానికి ఐదేళ్లు సేవలందించే పద్ధతికి వచ్చింది. ఉగాదికి ముందే పంచాంగం చేతికి వచ్చినట్టు, ఏ వెర్షన్ ఏ నెలలో ముగుస్తుందో ఇప్పుడు ఏళ్ల ముందే అందరికీ తెలుస్తున్నది.

భాష ఐదేళ్లు చూసుకుంటుంటే లైబ్రరీలు మూడేళ్లకే వదలటం న్యాయమేనా అన్న అనుమానం సహజంగా వస్తుంది. ఆ చివరి రెండేళ్లలో భాషకు భద్రతా సవరణలు అందుతాయి, పాత లైబ్రరీ విడుదల కూడా పనిచేస్తూనే ఉంటుంది. కొత్త విడుదల కావాలనుకునేవారు మాత్రమే కొత్త భాషకు మారాలి. పాత భాషలోనే ఉంటూ కొత్త లైబ్రరీ కావాలని కోరటంలో ఉన్న వైరుధ్యాన్ని ఈ సూత్రం బయటపెడుతుంది.

ప్రతి భాషకూ తనదైన లయ ఉంటుంది. 2017లో జావా 9 నుంచి ఆరు నెలలకొక వెర్షన్ తెస్తున్న జావా, వాటిలో 11, 17, 21, 25 వంటి కొన్నిటిని దీర్ఘకాల సపోర్ట్ ఉన్నవిగా గుర్తిస్తుంది. అందువల్ల జావా లైబ్రరీలు ఈ మెట్ల మీదనే ఆగి ఎక్కుతాయి. వ్యాపార సంస్థల సాఫ్ట్‌వేర్‌లో విస్తారంగా వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 2022 నవంబరులో 6.0తో ఒక్కసారిగా జావా 17కు చేరింది. గో భాష అయితే ఆరు నెలలకొక వెర్షన్ తెచ్చి, కొత్తగా రెండు వచ్చేదాకా మాత్రమే పాతదాన్ని చూసుకుంటుంది. కనుక ఒక భాషలో సబబైన గడువు మరో భాషలో తొందరపాటు కావచ్చు.

సూత్రం లేని చోట నిర్వాహకులు సాధారణంగా వాడకం లెక్కలను ఆశ్రయిస్తారు. పాత వెర్షన్ నుంచి నెలకు ఎన్ని డౌన్‌లోడ్‌లు వచ్చాయో చూసి, తగ్గినప్పుడు వదలుదామనుకుంటారు. ఈ లెక్క రెండు వైపులా తప్పుదోవ పట్టిస్తుంది. ప్రతి చిన్న మార్పుకూ లైబ్రరీని మళ్లీ మళ్లీ దింపుకునే పరీక్షా యంత్రాలు సంఖ్యను పెంచుతాయి. బ్యాంకులు, చమురు సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఒక్కసారి దింపుకొని తమ అంతర్గత నెట్‌వర్క్‌లో వందల సర్వర్లకు పంచుకుంటాయి కనుక లెక్కలో ఒక్కటిగా కనిపిస్తాయి. లెక్కకు అందనివారు కూడా చదివి సిద్ధపడగల తేదీ ఈ రెండు లోపాలకూ అతీతమైనది.

వదిలే పద్ధతి

తేదీ నిర్ణయించటంతో పని అయిపోదు. పాత కంప్యూటర్‌కు పొరపాటున కొత్త లైబ్రరీ అందితే ఏం జరుగుతుందన్నది భాషను బట్టి ఉంటుంది. జావాలో ప్రతి తయారైన ఫైలు మీద అది ఏ తరానికి చెందినదో తెలిపే అంకె ఉంటుంది. జావా 8కు 52, జావా 11కు 55. జావా 8 ఉన్న యంత్రం 55 అంకె ఉన్న ఫైలును చూడగానే దాన్ని నడపటానికి నిరాకరించి, కారణాన్ని తెలుపుతుంది. పైథాన్‌లో అటువంటి ద్వారపాలకుడు లేడు కనుక, కొత్త వ్యాకరణం ఎదురైన చోట ప్రోగ్రామ్ ఆగిపోతుంది, లేదా తప్పు జవాబుతో ముందుకు సాగుతుంది.

ఈ లోటును తీర్చటానికి లైబ్రరీ తనకు కావలసిన కనీస పైథాన్ వెర్షన్‌ను వివరాల పత్రంలో ప్రకటించే పద్ధతి వచ్చింది. లైబ్రరీలను దింపిపెట్టే పిప్ అనే సాధనం 2016లో వచ్చిన తన 9.0 వెర్షన్ నుంచి ఆ ప్రకటనను చదివి, పాత పైథాన్ ఉన్నవారికి సరిపోయే చివరి విడుదలను తానే వెతికి ఇస్తున్నది. ఐపైథాన్ 6.0 విడుదలయ్యేనాటికి ఈ ఏర్పాటు సిద్ధంగా ఉండటం వల్లనే పెద్ద లైబ్రరీలు వాడకందారుల పని ఆపకుండా పైథాన్ 2ను వదలగలిగాయి. కనీస వెర్షన్‌ను ఒక్క పంక్తిలో ప్రకటించటం మరిచిన చిన్న లైబ్రరీ, చెప్పి వదిలిన పెద్ద లైబ్రరీ కంటే ఎక్కువ ఇబ్బంది కలిగించగలదు.

వెర్షన్‌ను వదిలిన విడుదలకు ఏ అంకె ఇవ్వాలన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. వాడకందారు రాసిన ప్రోగ్రామ్‌ను మార్చవలసిన పెద్ద మార్పుకే మొదటి అంకె పెంచాలని కొందరు, పాత యంత్రాల మీద ఆగిపోవటం కూడా పెద్ద మార్పేనని మరికొందరు వాదిస్తారు. పిప్ వంటి సాధనం సరైన విడుదలను తానే ఎంచే చోట మొదటి వాదం నిలుస్తుంది, అటువంటి రక్షణ లేని చోట రెండోదే క్షేమం.

మినహాయింపు ఎప్పుడు?

గడువు దాటిన వెర్షన్ వైపు లైబ్రరీలు తిరిగి చూడవలసిన సందర్భం ఒకటుంది, అది భద్రత. ప్రోగ్రాములలో జరిగే సంఘటనలను నమోదు చేసే లాగ్‌ఫర్‌జే అనే జావా లైబ్రరీలో 2021 డిసెంబరులో అతి ప్రమాదకరమైన లోపం బయటపడింది. బయటివారు పంపిన ఒక వాక్యం నమోదైతే చాలు, ఆ సర్వర్ వారి ఆదేశాలను నడిపే ప్రమాదం ఉండేది. ఆనాటికి ఆ లైబ్రరీ కొత్త విడుదలలకు జావా 8 కనీస అవసరం కాగా, జావా 7కు 2.12 వరుస, జావా 6కు 2.3 వరుస ఎప్పుడో చివరి మెట్లుగా మిగిలిపోయాయి. లోపం తీవ్రత దృష్ట్యా నిర్వాహకులు ఆ రెండు పాత వరుసలకు కూడా సవరణలు విడుదల చేశారు. 2006లో వచ్చిన జావా 6 కోసం 2021లో ప్యాచ్ తయారుకావటం, పాత వెర్షన్లు ఎంత లోతుగా నాటుకొని ఉంటాయో చూపుతుంది. అయితే అది అత్యవసర సహాయమే తప్ప వాటికి సపోర్ట్‌ను పునరుద్ధరించటం కాదు. కొత్త సౌకర్యాలను ఆపటానికి, ప్రాణాంతకమైన లోపాన్ని వదిలేయటానికి మధ్య ఉన్న తేడా ఇక్కడ తేటపడుతుంది.

దీర్ఘకాలం మారలేనివారికి మరో దారి కూడా ఉంది. రెడ్ హ్యాట్ సంస్థ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8తోపాటు ఇచ్చే పైథాన్ 3.6ను ఆ వ్యవస్థ కాలమంతా, అంటే 2029 వరకు, చూసుకుంటానని హామీ ఇచ్చింది. పైథాన్ సమాజం మాత్రం 3.6కు 2021 డిసెంబరులోనే సెలవు ప్రకటించింది. ఏడేళ్లకు పైబడిన ఈ తేడాకు ధరను రెడ్ హ్యాట్ ఖాతాదారులు చందాగా చెల్లిస్తారు. పాతదాన్ని నిలిపి ఉంచటానికి శ్రమ అవసరమైనప్పుడు ఆ శ్రమకు మూల్యం చెల్లించేది దాని వల్ల లాభపడేవారే కావటం సబబు. జీతం లేని నిర్వాహకుడిని ఉచితంగా అన్నేళ్లు ఆగమనటం సబబు కాదు.

సంస్థలు చేయవలసినది

ఖతర్‌లో ఈ ప్రశ్న పరిశోధనశాలలకే పరిమితం కాదు. 2021లో ఏర్పడిన నేషనల్ సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీ దేశంలో సమాచార భద్రతను పర్యవేక్షిస్తుండగా, మైక్రోసాఫ్ట్ 2022లోను, గూగుల్ 2023లోను తమ క్లౌడ్ కేంద్రాలను అక్కడ ప్రారంభించాయి. సొంత సర్వర్‌లో పాత పైథాన్‌ను ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు గాని, భాషను తామే నడిపిపెట్టే క్లౌడ్ సేవల్లో ఒక్కో వెర్షన్‌కు ముందే ప్రకటించిన ముగింపు తేదీ ఉంటుంది కనుక, వాయిదా వేసే వెసులుబాటు సంస్థల చేతిలో క్రమంగా తగ్గుతున్నది. ఒక కాంట్రాక్టరు నిర్మించిన వ్యవస్థను మరొకరు, తరచుగా దోహాలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే తెలుగు ఇంజినీర్లు, ఏళ్ల తరువాత అందుకొని నిర్వహించవలసి వచ్చినప్పుడు, నిర్మాణ ఒప్పందంలో భాషా వెర్షన్ పెంపునకు కాలమూ డబ్బూ కేటాయించకపోతే ఆ భారమంతా చివరికి అందుకున్నవారి మీదనే పడుతుంది. భాషా వెర్షన్ల ముగింపు తేదీలను బడ్జెట్ పట్టికలో చేర్చి, ఏటా ఒక మెట్టు చొప్పున ఎక్కటం, ఐదేళ్లకోసారి ఐదు మెట్లు ఒక్కసారిగా దూకటం కన్నా చవక.

తెలుగు సమాచారంతో పనిచేసేవారికి ఇందులో ప్రత్యక్ష ప్రయోజనం కూడా ఉంది. పాత ముద్రణల్లో పదం చివర వచ్చే నకారపొల్లును, అరబీ, ఫారసీ ధ్వనులను సూచించటానికి అక్షరం కింద పెట్టే నుక్తాను యూనికోడ్ 2021లో తన 14వ వెర్షన్‌లో తెలుగు విభాగంలో చేర్చింది. పైథాన్ ఆ పట్టికను 2022లో వచ్చిన 3.11లో స్వీకరించింది. జావా 19లో స్వీకరించింది. కనుక పైథాన్ 3.10 లేదా జావా 17 మీద నడిచే లైబ్రరీ నకారపొల్లును అక్షరంగా గుర్తించక, దాన్ని అక్కరలేని గుర్తుగా తీసివేయవచ్చు. పాత తెలుగు పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తెచ్చే లైబ్రరీ కనీస వెర్షన్‌ను పెంచితే, దాన్ని నిర్వాహకుల సౌలభ్యం కోసం చేసిన పనిగా కొట్టిపారేయలేము. లిపి పూర్తిగా నిలవటానికే ఆ పెంపు అవసరమవుతుంది.

ఈ అనుభవాలన్నిటినీ కలిపి చూస్తే, సమర్థనీయమైన నిర్ణయానికి నాలుగు లక్షణాలు తేలుతాయి. భాషా బృందం స్వయంగా సేవలు ముగించిన వెర్షన్‌ను మోయనవసరం లేదు, అంతకుముందే వదలదలచినవారు ఏ సూత్రం ప్రకారం వదులుతారో కనీసం ఏడాది ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. వదిలే విడుదలలో కనీస వెర్షన్‌ను యంత్రాలు చదవగలిగేలా ప్రకటించి, మారలేనివారి కోసం చివరి పాత విడుదలను గుర్తించి చూపాలి. తీవ్రమైన భద్రతా లోపం వస్తే ఆ చివరి విడుదలను కొంతకాలం సరిచేయటానికి సిద్ధంగా ఉండాలి. అంతకు మించిన వ్యవధి కావలసినవారు దాని ఖర్చును భరించాలి. రీమ్ వంటి దోహా సాఫ్ట్‌వేర్ అయినా, నమ్‌పై వంటి ప్రపంచవ్యాప్త లైబ్రరీ అయినా తన కింది పొరల గమనాన్ని ఆపలేదు, తన పైనున్నవారి యంత్రాలను మార్చలేదు. ఆ రెంటి మధ్య నిర్వాహకుల అధీనంలో పూర్తిగా ఉన్నది ముందుగా మాట చెప్పి, చెప్పిన తేదీకి కట్టుబడి ఉండటమే కనుక, వాడకందారులు వారి నుంచి కోరవలసిన హామీ కూడా అదే.